చీకట్లో కదిలిన ఆ పిల్లి ఎత్తెంత? ట్రైల్ కెమెరా రివ్యూ

జంతువు ఎదురుగా దాటితే తనంతట తానే ఫోటో తీసే, చెట్టుకు కట్టే ట్రైల్ కెమెరాల మీద రివ్యూలకు కొదవ లేదు. వాటిని రాసేవాళ్లలో ఎక్కువమంది జింకల కోసమో, పెరట్లో తిరిగే నక్కల కోసమో కొన్నవాళ్లు. ఇక్కడ చూస్తున్న పని వేరు. ఊరి బయట నల్లటి పెద్ద పిల్లి తిరుగుతోందని పదిమంది చెబుతారు, ఒక్కరి దగ్గరా సరైన ఆధారం ఉండదు. అలాంటి చోట సంగతేమిటో తేల్చడానికి ఈ పెట్టె ఎంతవరకు అక్కరకొస్తుంది? బ్రిటన్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లలో, అక్కడి బీడుభూముల్లో పెద్ద పిల్లులు తిరుగుతాయని చెప్పుకునే బోడ్మిన్ మృగం, ఎక్స్‌మూర్ మృగం కథలు విని ఆసక్తి పెంచుకున్నవాళ్లు ఉన్నారు. ఈ రివ్యూ ముఖ్యంగా వాళ్లకోసమే అయినా, ఊళ్లో చిరుత పుకారు లేచినప్పుడు మనవాళ్లకూ పనికొస్తుంది.

కెమెరా ఏ రకమంటే, అందరూ కొనే మధ్యరకమే. 8 ఏఏ బ్యాటరీలు, ఒక ఎస్‌డీ కార్డు, లోపల చిన్న తెర, ముందు వరసగా ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు, వాటి కింద ఉబ్బెత్తుగా పాలరంగు ప్లాస్టిక్ కటకం. ఆ కటకం వెనక, వేడి తేడాను బట్టి కదలికను పసిగట్టే పీఐఆర్ సెన్సర్ ఉంటుంది, దాని మీదే పనంతా నడుస్తుంది. బ్రాండ్ పేరు చెప్పడం లేదు. ఈ ధరలో దొరికే వాటిలో చాలామటుకు లోపలి సరుకు దాదాపు ఒకటే, పైన బొమ్మలే వేరు.

మా తీర్పు ముందే చెప్పేస్తాం: కొనొచ్చు. ఫోటో బాగా వస్తుందని కాదు, రాత్రి ఫోటో చాలాసార్లు బాగా రాదు కూడా. కొనదగ్గ కారణం ఒకటే, ఈ కెమెరా కట్టిన చోటి నుంచి కదలదు. పిల్లి నడిచిన చోటుకే మళ్లీ వెళ్లి, అదే కెమెరా ముందు కొలబద్ద నిలబెట్టవచ్చు. చేతిలో ఫోన్‌తో తీసిన వీడియోకు ఆ సౌకర్యం లేదు. ఇలాంటి పిల్లుల విషయంలో నూటికి తొంభై తగాదాలు ఎత్తు దగ్గరే వస్తాయి.

1995లో బ్రిటన్ వ్యవసాయ శాఖ బోడ్మిన్ మూర్‌లో సరిగ్గా ఇదే చేసింది. కార్న్‌వాల్‌లోని ఆ బీడుభూముల్లో గొర్రెలు చచ్చిపడుతున్నాయని, నల్లటి పెద్ద పిల్లి తిరుగుతోందని రైతులు ఏళ్ల తరబడి మొత్తుకుంటే శాఖ నిపుణుల్ని పంపింది. వాళ్లు అప్పటికే జనం దగ్గరున్న ఫోటోలు, వీడియోలు తెప్పించుకుని, అవి తీసిన చోట్లు వెతికి పట్టుకుని, జంతువు ఉన్నచోట కొలకర్ర పెట్టి మళ్లీ ఫోటో తీశారు. భయంకరంగా కనిపించిన జంతువు భుజం ఎత్తు 30 సెంటీమీటర్ల దగ్గర తేలింది. అంటే పెంపుడు పిల్లి. పెద్ద పిల్లి ఉన్నట్టు నిర్ధారించదగ్గ ఆధారం దొరకలేదని, లేదని రుజువు చేయడమూ సాధ్యం కాదని నివేదిక తేల్చింది. ఆ రెండో ముక్కను పత్రికలు అంతగా పట్టించుకోలేదు కానీ, ఈ పనిలో దిగేవాళ్లు రెండూ కలిపే గుర్తుంచుకోవాలి.

మోసం ఎక్కడ జరుగుతుందో లెక్కలో చూడండి. కెమెరాకు 3 మీటర్ల దూరంలో 60 సెంటీమీటర్ల ఎత్తున్న చిరుత నిలబడినా, 1.5 మీటర్ల దూరంలో 30 సెంటీమీటర్ల పెంపుడు పిల్లి నిలబడినా ఫోటోలో రెండూ ఒకే ఎత్తులో కనిపిస్తాయి. చీకట్లో వెనక ఏమీ కనిపించదు, పోల్చుకోవడానికి గడ్డిపరక తప్ప ఇంకేమీ ఉండదు. ఇంటర్నెట్‌లో తిరిగే 'నల్లచిరుత' ట్రైల్ కెమెరా బొమ్మల్లో చాలావాటి గుట్టు ఇదే.

ఇక కొనేటప్పుడు చూడాల్సినవి. డబ్బా మీద 30 మెగాపిక్సెల్ అనో ఇంకా ఎక్కువో అచ్చేసి ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి. చవక కెమెరాల్లో ఫోటో పట్టే అసలు సెన్సర్ అందులో పదోవంతు కూడా ఉండకపోవచ్చు, మిగతా పిక్సెళ్లు సాఫ్ట్‌వేర్ సాగదీసి నింపినవే. ఫైలు బరువు పెరిగి, కార్డులోకి ఎక్కేందుకు సమయం పట్టి, రెండో ఫోటో ఆలస్యం అవుతుంది తప్ప పిల్లి చెవి ఆకారం ఏమీ స్పష్టంగా రాదు. మెనూలో అసలు సెన్సర్ రిజల్యూషన్ ఎంచుకోవడం మేలు.

చూడాల్సిన అంకె ట్రిగ్గర్ వేగం. సెన్సర్‌కు కదలిక తగిలాక ఎంతసేపటికి ఫోటో పడుతుందన్నది అది. లెన్స్ కోణం 50 డిగ్రీల పైచిలుకు ఉంటే 3 మీటర్ల దూరంలో ఫ్రేము వెడల్పు సుమారు 3 మీటర్లు. తాపీగా సెకనుకు మీటరు చొప్పున నడిచే పిల్లి అందులో 3 సెకన్లు ఉంటుంది. అదే పిల్లి పరుగులాంటి నడకలో సెకనుకు 3 మీటర్లు పోతే ఒక్క సెకనులో దాటేస్తుంది. ట్రిగ్గర్‌కు సెకనుకు పైగా పట్టే కెమెరా కొంటే మీకు మిగిలేవి తోకల ఫోటోలు. అర సెకను లోపు ఉన్నదే తీసుకోండి. ఒక ఫోటో తర్వాత మళ్లీ తేరుకోవడానికి ఎంతసేపు పడుతుందో కూడా చూడండి. దాని గురించి డబ్బా మీద తరచూ రాయరు, కొనకముందే అడగాలి.

తర్వాత ఫ్లాష్. 850 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఎల్‌ఈడీలున్నవి వెలిగినప్పుడు మసక ఎరుపు కనిపిస్తుంది, 940వి మన కంటికి అసలు కనిపించవు. కంపెనీలు 940 రకాన్నే ఎక్కువ ధరకు, గొప్పగా అమ్ముతాయి. ఈ పనికి మాత్రం 850 రకమే మెరుగు. 940లో ఫోటో పట్టే సెన్సర్ గ్రహించే వెలుతురు తక్కువ. అందుకే కెమెరా షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, బొమ్మ గరుకుగా వస్తుంది, కదిలే జంతువు అలుక్కుపోతుంది. షట్టర్ సెకనులో 20వ వంతు తెరిచి ఉంటే, సెకనుకు మీటరు వేగంతో నడిచే పిల్లి ఆ లోపల 5 సెంటీమీటర్లు జరుగుతుంది. ముక్కు నుంచి తోక మొదలు దాకా పొడవు కొలిస్తే ఆ 5 సెంటీమీటర్లూ కలిసిపోతాయి. కాబట్టి అలుక్కున్న ఫోటోలో పొడవు కొలవకండి. పక్కకు నడిచే జంతువు అడ్డంగా సాగుతుంది కానీ నిలువుగా సాగదు, భుజం ఎత్తు నమ్మదగినట్టే ఉంటుంది. ఎరుపు చుక్కలు చూసి పిల్లి తల తిప్పి చూడటం మామూలే. తల తిప్పితే ముఖం దొరుకుతుంది, అదీ మంచిదే. జనం నడిచే దారి పక్కన, దొంగల భయం ఉన్నచోట మాత్రం 940 రకం పెట్టుకోక తప్పదు.

ఈ కెమెరాతో అసలైన చిక్కు రంగు. 'నల్లగా ఉంది' అన్నదాన్ని ఇన్‌ఫ్రారెడ్ ఫోటో నిలబెట్టలేదు, కొట్టివేయనూ లేదు. నల్ల వెంట్రుకల్లో కొన్ని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని బాగానే వెనక్కి కొడతాయి. పగలు బొగ్గులా ఉన్న పెంపుడు పిల్లి రాత్రి ఫోటోలో బూడిదరంగులో, ఒక్కోసారి ఒంటిమీద లీలగా చారలతో పడుతుంది. ఇదే గుణాన్ని మలేసియాలో పరిశోధకులు చక్కగా వాడుకున్నారు. అక్కడి టెరెంగాను అడవుల్లో చిరుతలు దాదాపు అన్నీ నల్లవే, మచ్చలు కనిపించక ఏది ఏదో పోల్చుకోలేకపోయేవాళ్లు. కెమెరా వెలుతురు సెన్సర్‌ను పనిచేయనివ్వకుండా చేసి, పగలు కూడా ఇన్‌ఫ్రారెడ్ ఫ్లాషే వెలిగేలా మార్చారు. నలుపు కింద దాగిన మచ్చలు తేలాయి, చిరుతల్ని విడివిడిగా లెక్కపెట్టగలిగారు. 2015లో ఆ పని అచ్చయింది. కాబట్టి మీ ఫోటోలో నిజంగా నల్లచిరుతే పడితే గుండ్రటి మచ్చల గుత్తులు కనిపించే అవకాశం ఉంది. అవి కనిపిస్తే ఇక వాదనే లేదు.

రంగే ముఖ్యమనుకుంటే తెల్ల ఫ్లాష్ ఉన్న కెమెరా కావాలి. 2019లో కెన్యాలోని లైకిపియాలో ఫోటోగ్రాఫర్ విల్ బరార్డ్-లూకస్ తీసిన నల్లచిరుత ఫోటోలు అంత స్పష్టంగా రావడానికి కారణం మామూలు పెద్ద కెమెరా, కదలికను పసిగట్టే వైర్‌లెస్ సెన్సర్, పక్కల నుంచి తెల్ల ఫ్లాష్‌లు. ఖర్చు ఎక్కువ, అమరిక కష్టం, జంతువు బెదరొచ్చు. మొదటి కెమెరాగా అది వద్దు.

కట్టే తీరుకు వద్దాం. కెమెరా మోకాలి ఎత్తులో, అంటే నేల నుంచి 35 - 45 సెంటీమీటర్ల మధ్య ఉండాలి, లెన్స్ నేలకు సమాంతరంగా చూడాలి. చాలామంది తలెత్తులో కట్టి కిందికి వంచుతారు. దొంగల నుంచి కాపాడుకోవడానికి బాగుంటుంది కానీ, పైనుంచి తీసిన పిల్లికి ఎత్తు కొలవలేం, కాళ్లు కనిపించవు. దారి నుంచి 3 - 4 మీటర్ల దూరం చాలు. డబ్బా మీద రాసే 25 మీటర్ల సెన్సర్ దూరం పిల్లిసైజు జంతువుకు వర్తించదు. దారికి లంబంగా పెడితే పక్క రూపం చక్కగా వస్తుంది, ట్రిగ్గర్ నిదానమైతే జంతువు తప్పిపోతుంది. కాస్త ఏటవాలుగా తిప్పితే ఎక్కువసేపు ఫ్రేములో ఉంటుంది. రెండు కెమెరాలుంటే దారికి అటొకటి ఇటొకటి పెట్టండి, ఒకదాని ఫ్లాష్ ఇంకోదాని కంట్లో పడకుండా కొంచెం పక్కకు జరపండి. లెన్స్ ఉత్తరం వైపు చూడాలి. తూర్పు పడమరలైతే పొద్దుటి ఎండ, సాయంత్రపుటెండ నేరుగా కొట్టి ఫోటో తెల్లబారుతుంది, సెన్సర్ జంతువు లేకుండానే స్పందిస్తుంది.

ముందున్న గడ్డి, రెమ్మలు మీటరున్నర దూరం దాకా కోసేయాలి. ఎండకు వేడెక్కిన ఆకు గాలికి ఊగితే పీఐఆర్ దాన్ని జంతువనే అనుకుంటుంది, కార్డు నిండా ఖాళీ ఫోటోలు. రాత్రి పూట అదే ఆకు లెన్స్‌కు దగ్గరగా ఉంటే ఫ్లాష్ వెలుగంతా దాని మీదే పడి తిరిగొస్తుంది, కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది, వెనక నడుస్తున్న జంతువు నల్లటి నీడలా మిగులుతుంది. సాలెగూడు కూడా అంతే చేస్తుంది. అలాంటి నీడ బొమ్మ నుంచి 'నల్లచిరుత' పుట్టుకురావడం చాలా తేలిక.

మూడు ఫోటోల వరస పెట్టండి, మధ్య విరామం కెమెరా ఇచ్చే అతి తక్కువకు. వీడియో పెడితే నడక కనిపిస్తుంది, జాతి గుర్తుపట్టడానికి నడక బాగా ఉపయోగపడుతుంది కూడా, కానీ రాత్రి వీడియో బ్యాటరీని తాగేస్తుంది. బ్యాటరీల దగ్గర పొదుపు చేయొద్దు. ఆల్కలైన్ వాడితే వోల్టేజీ మెల్లమెల్లగా దిగుతుంది. పగటి ఫోటోలు బాగానే వస్తుంటాయి, రాత్రి ఫ్లాష్ మాత్రం రోజురోజుకీ కుంచించుకుపోతుంది, ఆ సంగతి కార్డు తీసి చూసేదాకా తెలియదు. బ్రిటన్ చలికాలానికి లిథియం ఏఏలే సరైనవి. రీఛార్జ్ చేసుకునే 1.2 వోల్టులవి పనిచేస్తాయి, బ్యాటరీ మీటరు మాత్రం మొదటిరోజు నుంచే సగం చూపిస్తుంది. పాతవీ కొత్తవీ కలిపి వేయకండి. కార్డు 32 జీబీ చాలు, కెమెరాలోనే ఫార్మాట్ చేసి, పక్కనున్న చిన్న లాక్ మీట తెరిచి ఉందో లేదో చూసుకోండి. తేదీ, సమయం సరిచేయకుండా వదిలేసిన కెమెరాలో ఎంత గొప్ప ఫోటో పడినా సాక్ష్యంగా సగం చచ్చినట్టే.

తెలుగు నేల మీద వాడేవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. పీఐఆర్ పట్టేది వేడిని కాదు, వెనకున్న నేలకూ జంతువు ఒంటి పైభాగానికీ మధ్య ఉన్న వేడి తేడాను. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఏడింటికి కూడా బండలు సెగలు కక్కుతుంటే ఆ తేడా దాదాపు మాయమవుతుంది, చిరుత ఎదురుగా నడిచినా కెమెరా కళ్లు తెరవదు. సెన్సిటివిటీని ఎక్కువలో పెట్టండి, బండలకు ఎదురుగా కాకుండా నీటి వైపు, నీడ వైపు తిప్పండి. తెల్లవారుజామున పడేవే మంచి ఫోటోలు. వానాకాలంలో చీమలు రబ్బరు అంచు సందుల్లోంచి దూరి లోపల గుడ్లు పెడతాయి. బ్యాటరీ గదిలో సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి, మూత మూసేటప్పుడు రబ్బరు అంచు మీద మట్టి లేకుండా తుడవాలి.

ఫోటో పడిందనుకుందాం. కెమెరాను కదిలించకండి. మీటరు కర్రకు 10 సెంటీమీటర్లకొకటి చొప్పున నలుపు తెలుపు పట్టీలు వేసి సిద్ధంగా పెట్టుకోండి. ఫోటో చూసి పిల్లి ముందుకాలు ఎక్కడ పడిందో పోల్చుకుని, అక్కడ కర్రను నిలువుగా పెట్టి అదే కెమెరాతో తీయండి. కంప్యూటర్‌లో రెండు ఫోటోలూ తెరిచి పిక్సెళ్లు లెక్కపెట్టండి. మీటరు కర్ర 600 పిక్సెళ్లు, పిల్లి భుజం 180 పిక్సెళ్లు వస్తే ఎత్తు 30 సెంటీమీటర్లు. కర్రను అర మీటరు ముందుకు, అర మీటరు వెనక్కు జరిపి ఇంకో రెండు తీస్తే మీ లెక్కలో తప్పు ఎంత ఉండొచ్చో కూడా తెలుస్తుంది. పెంపుడు పిల్లి 25 - 30 సెంటీమీటర్లు, మన జంగపిల్లి (జంగిల్ క్యాట్) 35 - 40, చిరుత 50 - 70 మధ్య. 33 దగ్గర తేలితే పెంపుడు పిల్లుల్లో పెద్ద గండుపిల్లి అయ్యే అవకాశమే ఎక్కువ. 50 దాటితే వెంటనే అధికారులకు చెప్పాలి.

ఎత్తుతోపాటు చెవులు, తోక చూడండి. పెంపుడు పిల్లి చెవులు తలతో పోలిస్తే పెద్దవి, కొసగా ఉంటాయి. చిరుతవి చిన్నవి, గుండ్రటివి. జంగపిల్లి తోక పొట్టిది, చివర నల్ల కట్లుంటాయి. ఊళ్లలో చిరుతపిల్లని కేకలు పెట్టేది చాలాసార్లు దీన్ని చూసే. గోదావరి మడ అడవుల వైపు అయితే చేపలు పట్టే బావురుపిల్లిని కూడా లెక్కలో పెట్టుకోవాలి.

ఫోటోలను వాట్సాప్‌లో పంపకండి. నాణ్యత పోతుంది, ఫైలులో దాగిన సమయం వివరాలు కూడా పోతాయి. కార్డులోని అసలు ఫైలును అలాగే కాపీ చేసి, ఆ వరసలో ముందూ వెనకా పడ్డ ఖాళీ ఫోటోలతో సహా దాచండి. ఖాళీ ఫోటోలే కొలతకు ఆధారం.

కెమెరా ఒక్కటే చాలదన్నదీ చెప్పాలి. బోడ్మిన్ నివేదిక వచ్చిన కొద్ది రోజులకే ఫోవీ నదిలో ఒక పుర్రె దొరికింది. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం చూసి, అది నిజంగానే వయసు చిన్న మగ చిరుతదని తేల్చింది. పుర్రె లోపల మాత్రం ఉష్ణదేశాల బొద్దింక గుడ్ల తిత్తి ఉంది, ఎముక మీద సన్నటి కత్తిగాట్లు, వెనక భాగం కోసేసి ఉంది. ఎక్కడో వేడిదేశంలో చచ్చి, తలతో సహా తివాచీగా మారిన చిరుత అది. అంత చిన్న తిత్తి అంత పెద్ద వార్తను తిప్పేసింది. భౌతిక ఆధారం దొరికినా అది ఎక్కడిదో అడగాలి. అలాగని అన్నీ వట్టివే కావు. 1980లో స్కాట్లండ్‌లోని కానిచ్ దగ్గర బోనులో నిజంగానే ప్యూమా (అమెరికా ఖండాల పెద్ద పిల్లి) పడింది, మనుషులకు మచ్చికైనది. అమెరికాలో 2011లో కనెటికట్ రోడ్డు మీద కారు గుద్ది చచ్చిన ప్యూమా డీఎన్‌ఏ చూస్తే అది దక్షిణ డకోటా నుంచి నడిచొచ్చిందని తేలింది. దారిలో విస్కాన్సిన్‌లో ట్రైల్ కెమెరాలకు చిక్కింది, అక్కడ సేకరించిన ఆధారాలతో డీఎన్‌ఏ కూడా సరిపోయింది. మన పక్కనే ఒడిశాలోని సిమిలీపాల్‌లో నల్లపులి ఉందని ఏనాటి నుంచో చెప్పుకునేవాళ్లు. 2007లో కెమెరా ట్రాప్ (అడవిలో పెట్టే ట్రైల్ కెమెరా) ఫోటోతో అది రుజువైంది. చారలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయిన పులి అది.

అందుకే కెమెరా ముందు దారి మీద మీటరు వెడల్పున మెత్తటి మట్టి రెండు సెంటీమీటర్ల మందాన జల్లెడ పట్టి పరవండి. అడుగుజాడ పడితే పక్కన స్కేలు పెట్టి నిట్టనిలువుగా పైనుంచి ఫోటో తీయండి. పెంపుడు పిల్లి జాడ 3 - 4 సెంటీమీటర్ల వెడల్పు, చిరుతది దాదాపు దానికి రెట్టింపు. గోళ్ల గుర్తులు పడితే పిల్లి కాక కుక్కో నక్కో అయ్యే అవకాశమే ఎక్కువ. కంచెకు వెంట్రుకలు చిక్కితే కాగితం కవరులో వేయండి, ప్లాస్టిక్ సంచిలో చెమ్మ పట్టి బూజు వస్తుంది, డీఎన్‌ఏ పాడవుతుంది. వెంట్రుక కుదురు ఉన్నదే పరీక్షకు బాగా పనికొస్తుంది.

అనుమతుల విషయం. బ్రిటన్‌లో పొలం యజమానిని అడగకుండా కట్టొద్దు, జనం నడిచే బాట వైపు తిప్పొద్దు. మన దగ్గర అభయారణ్యాల్లో, పులుల అభయారణ్యాల్లో అటవీ శాఖ అనుమతి లేకుండా కెమెరా పెట్టడం నేరం. సొంత తోటలో చిరుత పడితే ఆ చోటు పేరుతో ఫోటో ఊరంతా తిప్పకండి, ముందు అటవీ శాఖకు చెప్పండి. జనం కర్రలతో పోగైతే చిరుతకూ ప్రమాదమే, మనుషులకూ ప్రమాదమే.

సిమ్ వేసి ఫోన్‌కు ఫోటో పంపే రకం కొనాలా అని చాలామంది అడుగుతారు. చిరుత సంచారం నిజంగా ఉన్న ఊళ్లో అది విలువైనదే, వెంటనే తెలుస్తుంది. కొనేముందు అది పట్టే మొబైల్ సిగ్నల్ బ్యాండ్లు మీ దేశంలో, మీ నెట్‌వర్క్‌లో ఉన్నాయో లేదో చూసుకోవాలి. బయటినుంచి తెప్పించినవి చాలాసార్లు ఇక్కడే ఆగిపోతాయి. ఫోన్‌కు వచ్చేది కుదించిన బొమ్మ మాత్రమే. కొలతకు కావాల్సిన అసలు ఫైలు కార్డులోనే ఉంటుంది, కర్ర పట్టుకుని మీరు అక్కడికి వెళ్లాల్సిందే. బీడుభూమిలో ఎప్పుడో ఒకసారి కనిపించే పిల్లి కోసమైతే సిమ్ ఖర్చు దండగ. ఆ డబ్బుతో రెండో మామూలు కెమెరా, 16 లిథియం బ్యాటరీలు కొనుక్కోండి.